రెండు సున్నాలు, ఒక గీత

ఆ రోజు పొద్దున చత్వారమ్మ వేసుకున్న పథకం చిన్నదే. తొమ్మిదింటికి డిజైనర్ ఇంటికొస్తాడు, లోగోలు చూపిస్తాడు, తను ఒకటి ఖాయం చేస్తుంది, పదింటికల్లా షాపు తాళం తీస్తుంది. ఆవిడ అసలు పేరు వేరే. కళ్లద్దాల షాపు నడుపుతూ, ఎదుటివాళ్లు పేపరు ఎంత దూరంగా పట్టుకున్నారో చూసి చత్వారం ఎంతో చెప్పేస్తుందని వీధి వీధంతా ఆ పేరు పెట్టేసింది.

షాపులో మాత్రం ఆరు నెలలుగా ఈగలు తోలుకుంటోంది. ఎదురుగా నిలువెత్తు అద్దాలతో పెద్ద కళ్లజోళ్ల షోరూమ్ తెరిచారు. దాని మేనేజరు ఒకసారి వచ్చి, "మీలాంటి అనుభవజ్ఞులు మా దగ్గర ఉద్యోగంలో చేరితే బాగుంటుంది మేడమ్" అని మర్యాదగా అవమానించి వెళ్లాడు. కొత్త బోర్డు ఆవిడ ఆఖరి ప్రయత్నం. అదీ పారకపోతే షట్టరు దించేసి ఆ మేనేజరు కిందే పనిచేయాలి.

డిజైనర్ భోజనాల బల్ల మీద మూడు కాగితాలు పరిచాడు.

"లోగో అంటే మేడమ్, దారిన పోయేవాళ్లు అక్షరాలు చదవక ముందే గుర్తుపట్టేయాలి. గీతలు ఎంత తక్కువుంటే అంత మంచిది."

మొదటిది ఒక పెద్ద కన్ను. "అమ్మో, ఇది నన్నే చూస్తోంది. దీని ముందు ముద్ద దిగదు నాకు," అంటూ అత్తగారు కంచం పక్కకు తిప్పుకున్నారు. రెండోది కళ్లజోడు పెట్టుకున్న గుడ్లగూబ. "వచ్చినవాళ్లని గుమ్మంలోనే తిట్టినట్టుంటుంది," అన్నారు భర్త, లెక్కల మాస్టారు. మూడోది రెండు సున్నాలు, వాటి మధ్య ఒక చిన్న గీత. చూడగానే కళ్లజోడు! చత్వారమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"ఇదే," అంది.

అక్కడితో ఆగి ఉంటే గొడవే లేకపోయేది.

"బాగానే ఉంది గానీ, సున్నాలు మరీ చిన్నవి," అన్నారు మాస్టారు. డిజైనర్ పెద్దవి చేశాడు. "అద్దాలు తళతళలాడట్లేదు నాయనా," అన్నారు అత్తగారు. అతను ప్రతి సున్నాలోనూ నడిమి నుంచి అంచు దాకా మెరుపు గీతలు లాగాడు. "కాడలేవయ్యా? కాడల్లేకుండా చెవికెలా తగిలించుకుంటారు?" అన్నారు మళ్లీ మాస్టారు. కాడలు వచ్చాయి. అందులో ఒకటి పైకి లేచి కొమ్ములా వంగింది. "బొమ్మలో కదలిక ఉంటుంది సార్," అన్నాడు డిజైనర్. ఇంత బొమ్మకు చోటు చాలక, కింద 'కళ్లద్దాలు' అన్న అక్షరాలు చిక్కి సగమయ్యాయి.

చత్వారమ్మకు ఎక్కడో తేడా కొట్టింది. కానీ తల్లీకొడుకులు ఒకే మాట మీదకు రావడం తన పెళ్లయ్యాక ఇదే మొదటిసారి. చెడగొట్టడానికి మనసొప్పక ఊరుకుంది.

సోమవారం బోర్డు ఎక్కింది. షాపు తెరిచిన పది నిమిషాలకే ఒకాయన వచ్చాడు. సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు.

"వెనక చక్రంలో గాలి నిలవట్లేదు. కాస్త చూడండమ్మా."

"ఇది కళ్లద్దాల షాపండీ."

"అదేంటి? మరి పైన అంత పెద్ద సైకిలు బొమ్మ వేశారే!"

చత్వారమ్మ రోడ్డు దాటి వెళ్లి, వెనక్కి తిరిగి చూసింది. రెండు చక్రాలు, వాటి నిండా చువ్వలు, మధ్యలో కడ్డీ, పైకి లేచిన హ్యాండిలు. బెల్లు ఒక్కటే తక్కువ.

మధ్యాహ్నానికి షాపు ముందు ఆరు సైకిళ్లు చేరాయి. ఒకావిడ చంటిదాని మూడు చక్రాల బండి కూడా పట్టుకొచ్చింది. ఎదుటి షోరూమ్ మేనేజరు బయటికొచ్చి ఫోటో తీసుకున్నాడు. డిజైనర్‌కు ఫోన్ చేస్తే, "కానీ మేడమ్, చూడగానే అందరూ ఏదో ఒకటి గుర్తుపడుతున్నారు కదా!" అన్నాడు. మాస్టారికి చేస్తే, "తల కాస్త ఎడమకి వంచి చూస్తే కళ్లజోడేనే," అన్నారు.

ఇంతలో పక్క వీధి సైకిల్ మెకానిక్ రెంచీ పట్టుకుని ఊగిపోతూ వచ్చాడు.

"ఏంటమ్మా ఇది? పొద్దుట్నుంచి నా దగ్గరికి ఒక్క బేరం రాలేదు. నా పొట్ట కొడతావా?"

"అన్నయ్యా, అది కళ్లజోడు. కింద రాసే ఉంది, చూడు."

ఆయన మెడ చాచి, కళ్లు చికిలించి చూశాడు. "ఎక్కడ రాసుంది? ఏవో చీమలు పాకుతున్నట్టుంది."

చత్వారమ్మ తనూ తలెత్తి బోర్డు చూసింది. అక్షరాలు సన్నవే, కానీ చూపు సరిగ్గా ఉన్నవాళ్లు రోడ్డు మీద నుంచే చదవగలరు. చదివినవాళ్లు సైకిలు తేరు. మరి తెచ్చినవాళ్లు?

"అన్నయ్యా, ఆ రెంచీ పక్కన పెట్టి, లోపలికొచ్చి కుర్చీలో కూర్చో. ఎదుటి గోడ మీద పై వరుస చదువు."

"నేను పోట్లాడ్డానికొచ్చానమ్మా."

"చదివి పోట్లాడు."

ఆయన మొదటి వరుస చదివాడు, రెండోది ఊహించాడు, మూడోదాంట్లో దేవుడి మీద భారం వేశాడు. చత్వారమ్మ ఒక్కో అద్దం మారుస్తూ పోయింది. నాలుగో అద్దానికి ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"అమ్మా! నువ్విందాకట్నుంచీ నవ్వుతున్నావా?"

చత్వారమ్మ గుమ్మంలోకొచ్చి కేకేసింది. "సైకిలు తెచ్చినవాళ్లంతా లోపలికి రండి! ఒక్కొక్కళ్లూ!"

ఆరుగురిలో ఆరుగురికీ కళ్లద్దాలు కావలసి వచ్చాయి. మూడు చక్రాల బండి ఆవిడకు మాత్రం చూపు భేషుగ్గా ఉంది. జనం గుమిగూడారని ఆవిడా వచ్చి నిలబడిందంతే. లోపల కళ్ల పరీక్ష జరిగినంతసేపూ బయట మెట్ల దగ్గర మెకానిక్ సైకిళ్లు బాగుచేశాడు. పరీక్ష ముగిసేసరికి చక్రంలో గాలి నిండేది. ఆ వారంలోనే సైకిళ్లతో వచ్చినవాళ్ల వరుస వీధి మలుపు దాటింది. బోర్డు మార్చమన్నవాళ్లకు చత్వారమ్మ చెప్పిన జవాబు ఒక్కటే: "ముట్టుకున్నారో, ఊరుకోను."

శుక్రవారం షోరూమ్ మేనేజరు రోడ్డు దాటి వచ్చాడు. ఈసారి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆ లోగో చేసిందెవరు మేడమ్? మాకూ కావాలి."

"మా అత్తగారు," అంది చత్వారమ్మ. "ఖాళీ లేరు."

శనివారం మెకానిక్ కొత్త కళ్లజోడు పెట్టుకుని, దారిలో ప్రతి గోడనూ ప్రతి గుమ్మాన్నీ పలకరిస్తున్నట్టు చూసుకుంటూ తన కొట్టుకు వెళ్లాడు. తలెత్తి, పన్నెండేళ్లుగా తన నెత్తి మీదే వేలాడుతున్న బోర్డును మొదటిసారి సాంతం చదివాడు: 'ఇచ్చట అన్ని రకముల సైకిళ్లకు పంచర్లు చేయబడును.'

కొత్తవాళ్లు తనకు సైకిలు అప్పగించి, పక్కనే కాపలా ఎందుకు నిలబడతారో ఆయనకప్పుడు అర్థమయింది.