అవతలి గుంపులో పెదనాన్న

శనివారం పొద్దున్న డోరిన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ల్యాబ్‌కు వెళ్లాలి, కంప్యూటర్ గీసిచ్చే బొమ్మను కాగితం మీద అచ్చు తీయాలి, మధ్యాహ్నం భోజనం వేళకు గ్రిగోరె పెదనాన్న ఇంటికి చేరి "ఇదిగో, ఇందులో నువ్వున్నావు" అని చూపించాలి. ఆ పైన చిక్కుడుగింజల సూపు తాగి, కాసేపు కబుర్లు చెప్పి ఇంటికి రావాలి. ఇంత చిన్న పథకాన్ని కూడా చెడగొట్టుకోవాలంటే మనిషికి కాస్త చదువుండాలి. డోరిన్‌కు ఆ చదువు అప్పుడప్పుడే అబ్బుతోంది.

గ్రిగోరె అతనికి సొంత పెదనాన్న కాడు. మా యాష్ ఊళ్లో పెళ్లినాడు కొవ్వొత్తి పట్టుకుని జంట పక్కన నిలబడే పెద్దమనిషిని నాష్ అంటారు. డోరిన్ పెళ్లికి ఆ నాష్ గ్రిగోరె. ఆ రోజు నుంచి ఆ జంట ఆయన పిల్లల కింద లెక్క. చిన్నప్పుడే తండ్రి పోయిన డోరిన్‌కు ఆయన నిజంగానే తండ్రయ్యాడు. ఆదివారం వస్తే డోరిన్, అతని భార్య ఒర్టాన్సా ఆ ఇంట్లోనే తినేవారు. గ్రిగోరె మా పేట చర్చిలో ప్రధాన గాయకుడు. ఏడాదంతా ఆయన బతికేది ఈస్టర్ పాట కోసం. గొంతు ఈమధ్య వణుకుతోందని, ఈసారి ఆ పాట ఇంకెవరికైనా ఇస్తే బాగుంటుందని ఒకరిద్దరు గొణుక్కుంటున్నారు గానీ ఆయన ముందు అనే గుండె ఎవరికీ లేదు.

ఇక డోరిన్ చదువు సంగతి. ఇన్నేళ్లూ గాజు గొట్టాలతో కాపురం చేసినవాడు అతను. ఇప్పుడు కొత్త యంత్రాలొచ్చాయి. ఒక్క మనిషి రక్తంలో కొవ్వులు, చక్కెరలు, నోరు తిరగని పేర్లున్నవి, వేల రకాల అణువుల్ని అవి కొలిచి పారేస్తాయి. అంత లెక్కను మనిషి కళ్లతో చదవలేడు కాబట్టి కంప్యూటర్‌కు అప్పజెప్పాలి. అది ఒక్కొక్క మనిషికీ ఒక్కొక్క చుక్క పెడుతుంది. రక్తం పోలిక ఉన్నవాళ్లు పక్కపక్కన పడతారు, లేనివాళ్లు దూరంగా పడతారు. "డోరిన్ గారూ, ఇకమీదట గొట్టాలు కడగడం కాదు, ఇది నేర్చుకోండి" అంది ల్యాబ్ పెద్ద స్మరాండా. వయసులో చిన్నది, మాటలో పెద్దది. డోరిన్ నేర్చుకోవడం మొదలుపెట్టాడు.

వాళ్లు వెతుకుతున్నది కాలేయం జబ్బు ఆనవాళ్లు. రోగుల రక్తం ఆస్పత్రి నుంచి వచ్చింది. పోల్చడానికి జబ్బు లేనివాళ్లు కావాలి. "నేను తెస్తా మేడమ్" అని డోరిన్ ఛాతీ విరుచుకుని ఫాదర్ యుస్టిన్ దగ్గరికి వెళ్లాడు. అవి ఈస్టర్ ముందు మాంసం, పాలు, గుడ్లు ముట్టకూడని ఉపవాసపు వారాలు. పుణ్యం ఎక్కడ దొరుకుతుందా అని జనం చూస్తున్నారు. ఫాదర్ ఒక్కమాట అనగానే ప్రార్థన అయ్యాక బారులు తీరారు. అందరికన్నా ముందు చొక్కా చెయ్యి మడిచి కూర్చున్నది గ్రిగోరె. అందుకే ఒకటో నంబరు గొట్టం ఆయనదని డోరిన్‌కు వేరే చూసుకోనక్కర్లేదు.

ఆ శనివారం బొమ్మ తెర మీదికి రాగానే డోరిన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. రోగులు ఒక పక్క, చర్చి జనం ఒక పక్క, నూనే నీళ్లూ విడిపోయినట్టు విడిపోయారు. "ఓరి నా సామిరంగా!" అని ఒక్కడే చప్పట్లు కొట్టుకున్నాడు. ఇల్లు అలకగానే పండగ కాదని అతనికి ఎవరూ చెప్పలేదు. మరికాస్త దగ్గరగా చూస్తే చర్చి చుక్కలు ఐదు దారితప్పి రోగుల గుంపులో కూర్చున్నాయి. వాటిలో ఒకదాని మీద వేలు పెట్టి నొక్కాడు. ఒకటో నంబరు.

భోజనానికి వెళ్లలేదు. తిన్నగా ఇంటికి వచ్చాడు.

"ముఖం అలా వేలాడేసుకొచ్చావేంటి? పెదనాన్న తిట్టాడా?" అంది ఒర్టాన్సా.

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఆ కళ్లల్లో నీళ్లేంటి?"

చెప్పేశాడు. "ఎవరితోనూ అనకు సుమా" అని కూడా చెప్పాడు. "నేనెవరితో అంటాను, నాకు తెలీదా" అని ఆమె బాధపడింది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని పెళ్లయినప్పటి నుంచి తెలిసిన మనిషి ఎందుకు చెప్పాడో దేవుడికే తెలియాలి. అతను చెప్పులు విడిచేలోపు పక్కగదిలోంచి ఫోన్ మాటలు వినబడ్డాయి. "పెద్దమ్మా, ఊరికే అడుగుతున్నా, పెదనాన్న ఈమధ్య బాగానే ఉంటున్నాడా?" అలాంటి ప్రశ్న లోకంలో ఎవరూ ఊరికే అడగరు.

గ్రిగోరె భార్య పరస్కీవా అరగంటలో వచ్చి వాలింది. "కాలేయమా? నలభై ఏళ్లుగా నా చేతి వంట తింటున్నాడు! ఈ ఉపవాసాల్లో అయితే నూనెచుక్క కూడా తగలనివ్వట్లేదు. ఉడకబెట్టిన చిక్కుడుగింజలు, ఉడకబెట్టిన దుంపలు! అలాంటి మనిషికి జబ్బెలా వస్తుంది?"

"పెద్దమ్మా, అది వట్టి చుక్క. నేనింకా నేర్చుకుంటున్నా..."

"మరి చుక్క ఎందుకు ఏడ్చింది అక్కడ? పోయి పోయి రోగుల మధ్యా?"

డోరిన్ ఫోన్ అందుకున్నాడు. ఆస్పత్రిలో స్కానింగ్‌కు ఈస్టర్ తరవాత గానీ ఖాళీ లేదన్నారు. స్మరాండాను అడుగుదామంటే బుకారెస్టు వెళ్లింది, గురువారం గానీ రాదు. ఈలోపు పరస్కీవా ఆగుతుందా? ద్రాక్షసారా పీపా పక్కింటికి పంపేసింది. చేదు ఆకుల కషాయం పెట్టింది. అలిసిపోకూడదని పాట మాన్పించింది. ఆదివారం గ్రిగోరె మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకుని బెంచీ మీద కూర్చుంటే మైకు పట్టుకుని ఎవరో కుర్రాడు పాడాడు. జనం అటు వినడం మానేసి ఇటు చూశారు.

బయటికి వచ్చాక ఆయన డోరిన్ చెయ్యి పట్టుకున్నాడు. "ఒరేయ్, నా దగ్గర దాచకు. ఈస్టర్ దాకా ఉంటానా?"

"అయ్యో పెదనాన్నా, అంత మాటెందుకు!"

"ఆ ఒక్క పాట పాడనివ్వండిరా నన్ను. తరవాత ఏ గుంపులో కూర్చోబెడతారో కూర్చోబెట్టుకోండి." గొంతు తగ్గించాడు. "ఇప్పుడే పోతే దినం నాడు జనానికి చిక్కుడుగింజలే పెట్టాలి. పండగయ్యాక పోతే కాస్త మర్యాదగా ఉంటుంది."

సోమవారం గ్రిగోరె తన తమ్ముడు ఇలారియెను పిలిపించాడు. కంచె దగ్గరి వాల్‌నట్ చెట్టు ఎవరిదన్న తగువులో అన్నదమ్ములు ఏళ్లుగా ముఖాలు చూసుకోవడం లేదు. "చెట్టు నువ్వే తీసుకోరా తమ్ముడూ" అన్నాడు గ్రిగోరె. ఇలారియె వెక్కి వెక్కి ఏడ్చాడు. అది చూసి డోరిన్‌కు సంతోషించాలో భయపడాలో తెలియలేదు. గురువారం సాయంత్రం ఇంట్లో రోగికి నూనె రాసి చేసే పెద్ద ప్రార్థన పెట్టించింది పరస్కీవా. పేటంతటికీ కబురు వెళ్లింది.

ఆ గురువారమే స్మరాండా వచ్చింది. బొమ్మ చూసి మెచ్చుకోలేదు, తిట్టలేదు. "చాలా అందంగా ఉంది. ఇంత అందంగా ఉంటే నాకు భయం. జబ్బు లేనివాళ్ల దగ్గర రక్తం ఎప్పుడు తీశారు?"

"ఉపవాసాల్లో మేడమ్. అందరూ ఒక్కసారే దొరుకుతారని."

"రోగులు ఉపవాసం ఉన్నారా?"

"రోగులకి ఉపవాసమేంటి మేడమ్? వాళ్లకి మినహాయింపు కదా. ఆస్పత్రిలో రోజూ కోడికూర, చీజు, గుడ్..." అక్కడ డోరిన్ నోరు తెరుచుకునే ఉండిపోయింది.

"అదీ సంగతి. మీరు జబ్బుని కనిపెట్టలేదు డోరిన్ గారూ. ఉపవాసాన్ని కనిపెట్టారు. అందరూ చేసే తప్పే. మొదట మనుషులేం తిన్నారో అడగాలి, తరవాత లెక్క కట్టాలి."

"మరి అవతల పడ్డ ఐదుగురు?"

"వాళ్లు కూడా రోగులు తినేదే తింటున్నట్టున్నారు" అని స్మరాండా తన పనిలో పడింది.

డోరిన్‌కు ఆ మాటలో సగమే చెవికెక్కింది. పెదనాన్నకు జబ్బు లేదు! కోటు ఒక చేతికి తొడుక్కుని, రెండో చెయ్యి వేలాడుతుండగానే పరుగెత్తాడు. ట్రాము కోసం ఆగలేదు. గ్రిగోరె ఇంట్లో కొవ్వొత్తులు వెలిగించి ఉన్నాయి. ఫాదర్ యుస్టిన్ పుస్తకం తెరిచారు. గదంతా జనం. మధ్యలో కుర్చీలో గ్రిగోరె, పక్కన ముక్కు తుడుచుకుంటూ ఇలారియె.

"ఆపండి! పెదనాన్నా, నీకేం జబ్బు లేదు!" అని గుమ్మంలోంచే అరిచాడు డోరిన్. "తప్పు నాదే! ఆ బొమ్మ చూపించేది జబ్బు కాదు! ఉపవాసం ఉన్నవాళ్లు ఒక పక్క, మాంసం తిన్నవాళ్లు ఒక పక్క! నువ్వు తిన్నావు, అంతే! నిక్షేపంగా ఉన్నావు!"

ఇంత మంచి వార్త విని ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

"ఏం తిన్నాడు?" అంది పరస్కీవా నెమ్మదిగా.

అప్పుడు గానీ డోరిన్‌కు తన నోరు ఏం చేసిందో తెలియలేదు. పెదవి దాటిన మాట పృథివి దాటుతుందంటారు. ఇది గది దాటనక్కర్లేకుండానే చేయవలసిన పని చేసింది. "అంటే పెద్దమ్మా, అది ఖాయంగా చెప్పలేం, నేనింకా నేర్చుకుంటున్నా" అని నసిగాడు. ఎవరూ వినలేదు. అందరూ గ్రిగోరెనే చూస్తున్నారు.

ఆయన మెడకు చుట్టిన ఉన్నిగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "బజారు వెనకాల, నిప్పుల మీద కాలుస్తాడే, ఆ మాంసం ముక్కలు. పాట ఉన్న రోజుల్లో. మూడు గంటలు నిలబడి పాడాలి పరస్కీవా. గింజలు తిని నిలబడితే గొంతు వణుకుతోంది. అది తిన్న రోజు వణకదు."

"ఇద్దరికీ నూనె లేకుండా వండాను. నువ్వు బజార్లో తిన్నావు. మరి నేనో?" అంది ఆమె. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

ఇలారియె లేచి టోపీ పెట్టుకున్నాడు. "చచ్చిపోతున్నావంటే చెట్టు తీసుకున్నా. నిక్షేపంగా ఉన్నవాడి దగ్గర తీసుకుంటే నాకేం మర్యాద? నీ చెట్టు నువ్వే ఉంచుకో" అని వెళ్లిపోయాడు. ఫాదర్ పుస్తకం మూసి, చలి ఎక్కువైందంటూ బయటికి నడిచారు. జనం ఆయన వెనకే జారుకున్నారు.

అసలు తమాషా మర్నాటి నుంచి మొదలైంది. మిగిలిన నాలుగు చుక్కలూ ఎవరివో డోరిన్‌కు తెలియదు. తెలుసుకునే హక్కూ లేదు. అయినా ఒర్టాన్సా నోటి నుంచి ఐదు చుక్కల సంగతి బయటికి పొక్కడంతో పేటవాళ్లు ఒకరి తరవాత ఒకరు ల్యాబ్ గేటు దగ్గర కాపు కాయడం మొదలుపెట్టారు. "బాబూ, అందులో నేను గానీ ఉన్నానా? ఒక్క చీజు ముక్కే, అదీ చుట్టాలింట్లో!" "డోరిన్, మనిద్దరం చిన్నప్పటి స్నేహితులం కదా..." నాలుగు చుక్కలకు డజను మంది పైనే వచ్చారు. అందరికన్నా ఆఖర్న ఫాదర్ యుస్టిన్ వచ్చారు.

"నాయనా, ఆ మిగతా చుక్కల పేర్లు ఎప్పటికైనా బయటపడతాయా?"

"పడవు ఫాదర్."

"దేవుడు చల్లగా చూడాలి నిన్ను" అన్నారు ఫాదర్, మనసారా.

"ఫాదర్, పేటలో తిననివాళ్లు తక్కువేనని తేలిపోయింది కదా. మీరొక్కమాట చెప్పండి. పెదనాన్నని ఈస్టర్‌కి పాడనివ్వండి."

"చెబుదును నాయనా. మిగతావాళ్లు తిన్నారని మీకెలా తెలుసని జనం అడిగితే ఏం చెప్పను?" అని ఆయన గడ్డం సవరించుకుంటూ వెళ్లిపోయారు.

డోరిన్ తిన్నగా గ్రిగోరె ఇంటికి వెళ్లాడు. తలుపు సగమే తెరుచుకుంది.

"పెదనాన్నా, నీ కాళ్లు పట్టుకుంటా, పాడు. వాళ్లందరూ తిన్నారు. నా దగ్గరికి వచ్చి వాళ్ల నోటితో వాళ్లే చెప్పారు."

"తినే ఉంటారు. నాకు తెలీదా, బజారు వెనకాల వరసలో నా ముందు నిలబడేవాళ్లే" అన్నాడు గ్రిగోరె. కోపం లేదు ఆ గొంతులో. "కానీ వాళ్ల సంగతి ఎవడూ గుమ్మంలో నిలబడి అరవలేదు కదరా."

తలుపు మెల్లగా మూసుకుంది. డోరిన్ మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. జబ్బని చెప్పినప్పుడు కూడా ఆయన పాడతాననే అన్నాడు. జబ్బు లేదని చెప్పి తను ఆయన నోరు మూయించాడు.

ఈస్టర్ పాట మైకు కుర్రాడే పాడాడు. ఒక్క స్వరం తప్పలేదు, గొంతు వణకలేదు. బాగుందనే అన్నారు జనం. గ్రిగోరె రాలేదు. ఆదివారం భోజనాలు ఆగిపోయాయి. పరస్కీవా మాత్రం పండగ రొట్టె ఒకటి గుడ్డలో చుట్టి ఒర్టాన్సా చేతికిచ్చి, ఇంట్లోకి రమ్మనకుండానే వెనక్కి తిరిగింది.

ల్యాబ్‌లో మాత్రం డోరిన్‌కు మంచిరోజులొచ్చాయి. ఆ రక్తమంతా వృథా కానక్కర్లేదని, ఉపవాసం ఒంటికి ఏం చేస్తుందో దానితోనే చూడవచ్చని స్మరాండా తేల్చింది. రాయబోయే వ్యాసం మీద పేరు కూడా డోరిన్‌దే ముందు వేస్తానంది. ఆ వారమే పరస్కీవా ఫోన్ చేసింది. తన రక్తాన్ని ఆ లెక్కలోంచి తీసేయమని గ్రిగోరె చెప్పమన్నాడట. ఇంకేమైనా అన్నాడా అని డోరిన్ అడిగాడు. ఏమీ అనలేదంది.

"అది ఆయన హక్కు. తీసేసి మళ్లీ లెక్క కట్టండి. ఫలితం నిలుస్తుందో లేదో పరీక్షించడం కూడా మీరు నేర్చుకోవలసిందే" అంది స్మరాండా.

డోరిన్ ఒకటో నంబరును తీసేసి మళ్లీ లెక్క కట్టాడు. రెండు గుంపులూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్క మనిషి తగ్గినంత మాత్రాన చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదని కంప్యూటర్ తేల్చింది.