సోమవారం జాయినింగ్

పని మొదలయ్యే తేదీ వాయిదా పడటం లాంటి అదృష్టం మనిషికి మరొకటి లేదు. నమ్మరా? ఆరు వారాల పాటు ఆ అదృష్టాన్ని అనుభవించినవాణ్ని చెబుతున్నాను, వినండి.

నేను యంత్రాలకు వాడకం పుస్తకాలు రాస్తాను. కొత్త మిక్సీ కొన్నప్పుడు అట్టపెట్టెలో కనిపించే, మీరు చదవకుండా సొరుగులో పడేసే ఆ చిన్న పుస్తకాన్ని ఎవరో ఒకరు రాయాలి కదా. ఆ ఎవరో ఒకరు నేనే. నెల జీతం లేదు, నాదంటూ ఒక కుర్చీ లేదు. ఏ కంపెనీ పిలిస్తే ఆ కంపెనీకి, పని ఉన్నన్నాళ్లు.

ఈసారి పిలిచింది హోటళ్లకు బట్టలుతికే పెద్ద యంత్రాలు తయారుచేసే కంపెనీ. ఐదు నెలల కాంట్రాక్టు. వాళ్ల ఆఫీసులోనే కూర్చుని రాయాలి. సంతకాలయ్యాయి. సోమవారం ఉదయం తొమ్మిదికి జాయినింగ్. క్షవరం చేయించుకున్నాను, కొత్త బూట్లు కొన్నాను. ఏడేళ్లుగా నాకు పని ఇస్తున్న నీటి పంపుల కంపెనీ మేనేజరు రెండు నెలల పని ఉందని ఫోన్ చేస్తే, ఖాళీ లేదండీ అన్నాను. ఆ మాట అనడంలో ఎంత సుఖముందో ఎప్పుడూ ఖాళీగా ఉండేవాడికే తెలుస్తుంది!

శుక్రవారం సాయంత్రం ఆ కంపెనీ కోఆర్డినేటర్ మేడమ్ ఫోన్ చేశారు. ఆమెది ఎంత మెత్తని గొంతంటే, అందులోంచి చెడ్డ వార్త వచ్చినా మనమే థాంక్యూ చెబుతాం. నా లాప్‌టాప్ ఇంకా రాలేదట, ఆ పై సోమవారం నుంచి రమ్మన్నారు. థాంక్యూ అన్నాను.

మరుసటి శుక్రవారానికి లాప్‌టాప్ వచ్చింది, కానీ సంతకం పెట్టాల్సిన పెద్దాయన సెలవు మీద వెళ్లారు. పెద్దాయన వచ్చేసరికి నేను కూర్చోవాల్సిన అంతస్తుకు రంగులు వేస్తున్నారు. రంగులు ఆరేసరికి కొత్త డైరెక్టర్ వచ్చి పాత ఫైళ్లన్నీ మళ్లీ చూస్తానన్నారు. నా ఒక్కడి కోసం ఒక కంపెనీ వారానికో కొత్త కారణం వెతికి పెడుతుంటే ఛాతీ ఉప్పొంగదా?

ఈలోగా మా ఇంటికి జరిగిన మేలు అంతా ఇంతా కాదు. ప్రతి ఆదివారం అదే చొక్కా ఇస్త్రీ చేశాను. ఒంటి మీద వేసుకోని చొక్కాని ఇన్నిసార్లు ఇస్త్రీ చేసినవాడు మా వీధిలో నేనొక్కణ్నే. కిటికీ ఊచలు తుడిచాను. వంటింటి డబ్బాలన్నిటికీ పేర్లు అంటించాను. కుక్కర్‌తో వచ్చిన పుస్తకంలో అచ్చుతప్పులు దిద్దాను. మూడో తరగతి చదువుతున్న మా అమ్మాయి, మా నాన్న సోమవారం నుంచి ఆఫీసుకెళ్తాడని క్లాసులో చెప్పుకుందట. నెల తిరిగాక టీచరు, ఏ సోమవారమమ్మా అని అడిగారట. అది వచ్చి నన్నడిగింది. దానికి క్యాలెండర్ చూడటం నేర్పించాను. పిల్లల చదువు మీద ఇంత శ్రద్ధ ఉద్యోగాలున్న తండ్రులకు కుదురుతుందా చెప్పండి?

రెండో వారంలో మా అక్క ఫోన్ చేసింది. బావ పోయాక అక్క ఒంటరిగా ఉంటోంది, రైల్లో ఆరు గంటల దూరం. వచ్చే వారం బుధవారం మోకాలికి ఆపరేషన్ అని చెప్పింది. డాక్టరు పది రోజులు పక్కన మనిషి ఉండాలన్నారట. నువ్వేమైనా రాగలవా అని అడగడానికి చాలాసేపు పట్టింది దానికి. ముందు పిల్లదాని జలుబు గురించి, మా వీధిలో నీళ్ల గురించి అడిగింది.

సోమవారం జాయినింగ్ అక్కా అన్నాను.

"అయితే పని చూసుకోరా. పక్కింటావిడ ఉందిలే" అంది.

ఆ సోమవారం వచ్చింది, జాయినింగ్ రాలేదు. వెంటనే కోఆర్డినేటర్ మేడమ్‌కి ఫోన్ చేసి, పది రోజులు ఊరెళ్లి రావచ్చా అని అడిగాను. నిరభ్యంతరంగా వెళ్లి రమ్మన్నారు. అయితే ఏ నిమిషంలోనైనా పిలుపు రావచ్చు, మర్నాడు పొద్దున్నే ఆఫీసులో ఉండేలా చూసుకోమన్నారు. వెళ్లొచ్చు, కదలకూడదు! ఇంత స్పష్టమైన సూచన నా పుస్తకాల్లో నేనెప్పుడూ రాయలేకపోయాను.

బుధవారం అక్కని ఆపరేషన్‌కి తీసుకెళ్తున్న సమయానికి నేను మా హాల్లో ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. స్కూల్లో పాఠాలు చెప్పి ఇంటికొచ్చిన మా ఆవిడ నన్నలా చూసి, చేతిసంచీ కూడా దించకుండా నిలబడిపోయింది.

"మీకు పని లేదు. సెలవూ లేదు. ఇదేం ఉద్యోగమండీ?" అంది.

టికెట్టు తీయనా అని అడిగింది. శుక్రవారం దాకా చూద్దామన్నాను. శుక్రవారం వచ్చాక సోమవారం దాకా చూద్దామన్నాను. ఆమె మళ్లీ అడగలేదు.

ఆరో శుక్రవారం ఫోన్ రాలేదు, మెయిల్ వచ్చింది. కాంట్రాక్టు రద్దయింది. నా ఓపికకు ధన్యవాదాలట. అప్పుడు తీరిగ్గా నేను సంతకం చేసిన కాగితాలు తీసి చదివాను. నేను ఒక్క రోజు ఆలస్యమైతే కాంట్రాక్టు రద్దు చేయొచ్చని మూడో పేజీలో ఉంది. వాళ్లు ఆలస్యమైతే ఏమిటన్నది ఏ పేజీలోనూ లేదు. యంత్రం ఆగిపోతే ఏం చేయాలో చెప్పని పుస్తకాన్ని నేనెన్నడూ రాసివ్వలేదు. అలాంటిది, చదవకుండా సంతకం పెట్టేశాను. మిక్సీలు కొనేవాళ్ల మీద ఇక నాకు కోపం లేదు.

పంపుల మేనేజరుకి ఫోన్ చేశాను. ఆ పని వేరే ఆయనకిచ్చారట. ఏం అనుకోకండి అన్నారు. అనుకోవడానికి నాకేం మిగిలింది?

మర్నాడు రైలెక్కాను. అక్క చేతికర్రతో తనే వచ్చి తలుపు తీసింది. కాలు చాపుకునే ముక్కాలిపీట, చేతికందేలా మంచినీళ్లు, మందుల పెట్టె, అన్నీ పక్కింటావిడ అమర్చి పెట్టింది. ఆవిడ నన్ను చూసి బాగున్నారా అని అడిగి, జవాబు వినకుండానే లోపలికెళ్లిపోయింది.

ఎన్నాళ్లుంటావని అక్క అడిగింది. ఎన్నాళ్లయినా ఉంటానన్నాను.

"ఇప్పుడు నాకేం ఇబ్బంది లేదురా. మొదటి నాలుగు రోజులే, బాత్రూంకి లేవాలంటే ఏడుపొచ్చేది" అంది, కూర తరుగుతూ. నా మీద నిష్ఠూరం కూడా లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది.

వాయిదా అదృష్టమని మొదట్లో అన్నాను కదూ? ఇప్పటికీ అంటాను. ఆ అదృష్టం వాయిదా వేసినవాళ్లది. నా ఆరు వారాల్లో వాళ్లు వాడుకున్నది ఒక్క గంట కూడా లేదు. అయినా ఒక్క గంట కూడా నాకు వదల్లేదు.

అక్కడికెళ్లిన ఐదో రోజు కోఆర్డినేటర్ మేడమ్ మళ్లీ ఫోన్ చేశారు. డైరెక్టర్ గారు మనసు మార్చుకున్నారట, రావడానికి సిద్ధమేనా అన్నారు. సిద్ధమే, ఒక్క వాక్యం చేర్చమని అడిగాను. ఫలానా తేదీకి పని మొదలుకాకపోతే ఆ తర్వాత నా దారి నాది, మీరు పిలిచినా రానక్కర్లేదు అని.

"అలాంటిది మా ఫార్మాట్‌లో లేదు సార్. పైవాళ్లని అడిగి సోమవారం చెప్తాను" అన్నారు.

ఈసారి నేను థాంక్యూ అనలేదు.

ఆ సోమవారం పొద్దున అక్క మొదటిసారి కర్ర లేకుండా వీధి చివరి మందుల షాపు దాకా నడిచింది. మధ్యలో రెండుసార్లు ఆగి నా భుజం పట్టుకుంది. ఫోన్ ఇంట్లో బల్ల మీద వదిలేసి వచ్చాను.