గేదె ఒంట్లో మందు నడవడిక

మనిషి నడవడిక ఎలా ఉన్నా సర్దుకుపోయే ఈ లోకంలో, గేదె ఒంట్లో మందు నడవడికను మాత్రం ఉపేక్షించరాదని తెనాలిలోని పశు ఔషధ ప్రవర్తన కొలత కేంద్రం తీర్మానించింది. యాంటీబయాటిక్ రక్తంలోకి ఎప్పుడు దిగింది, పాలలోకి ఎంత వచ్చింది, క్రిముల పని పట్టిందా లేక ఊరికే తిరిగిపోయిందా, అన్నీ కొలవాల్సిందే. మంచి పనే, నేను కాదనను.

రేపల్లె దగ్గర బసవమ్మగారి గేదెకు పొదుగువాపు వచ్చింది. ఉన్నది ఆ ఒక్క గేదె, ఇల్లు గడిచేది దాని పాలమీదే. కబురందగానే కొలతల అధికారి సంజీవరావుగారు ఒక మందు సీసాతో సహా జీపు దిగారు.

“సూది ఎప్పుడేస్తారండి?” అని అడిగారు బసవమ్మగారు.

“తొందరేంటమ్మా? ముందు మందు లేనప్పుడు గేదె ఎలా ఉందో తెలియాలి కదా.”

“అది నేను చెప్తాను బాబూ. మేత ముట్టట్లేదు, పొదుగు మీద చెయ్యేస్తే తన్నేస్తోంది.”

“మీరు చెబితే అది బాధమ్మా. మేం కొలిస్తేనే వివరం.”

రక్తం తీశారు, పాలు తీశారు, చెవికి బిళ్ల కొట్టారు. ఆ బిళ్ల ఉన్న పశువుకు బయట మందు వేయిస్తే కొలత చెడుతుందట, అది నేరమట. తెచ్చిన సీసాను మాత్రం మందు సత్తా తేల్చమని బాపట్ల ల్యాబుకు పంపారు. (సత్తా తేలని మందు ఇచ్చాక గేదె బాగుపడితే, ఆ ఘనత ఎవరి ఖాతాలో వేయాలి?) బాపట్లవారు శ్రద్ధగా పరీక్షించి, మందు దివ్యంగా ఉందని రాసి, ఖాళీ సీసా తిప్పి పంపారు.

సిబ్బంది మాత్రం రోజూ వచ్చి పాలు పట్టుకెళ్లారు. గేదె తన్నినా పల్లెత్తు మాట అనలేదు, అది ఒప్పుకోవాలి. చివరికి ఫలితం వచ్చింది: పాలలో మందు ఆనవాలే లేదు. ఇంత పద్ధతిగా నడుచుకున్న మందు మరెక్కడా లేదని తెనాలిలో సభ పెట్టి సంజీవరావుగారికి శాలువా కప్పారు. బసవమ్మగారిని కూడా పిలిచి మైకు ఇచ్చారు.

“మందు మంచిదని తేలింది కదండీ. మరి మా గేదెకి ఎప్పుడేస్తారు?” అన్నారావిడ.

సభంతా చప్పట్లు కొట్టింది. పాడి రైతులు ప్రశ్నలడిగే స్థాయికి ఎదిగారని అధ్యక్షులవారు మురిసిపోయారు. నాకైతే ఒళ్లు మండిపోయింది.

ఆ వారంలోనే పొదుగు గట్టిపడిపోయింది, పాలు పూర్తిగా ఎండిపోయాయి. సంగతి తెలిసి కేంద్రం వెంటనే స్పందించింది. నమూనా పాలు ఇవ్వకుండా కొలతకు ఆటంకం కలిగించినందుకు బసవమ్మగారిని సంజాయిషీ అడిగింది.