రోడ్డు తేల్చిన మాంసకృత్తులు

మనిషి గుణాన్ని పుట్టిన చోటు నిర్ణయిస్తుందో లేదో గానీ, వేరుశనగ గింజ గుణాన్ని మాత్రం కౌంటీ రోడ్డు నిర్ణయిస్తుంది. ఈ సత్యం నాకు అక్టోబరు పదకొండున బోధపడింది. ఆ మధ్యాహ్నం పోషక నిర్ధారణ కార్యాలయం ముందు, వెర్నా టిల్మన్ పికప్‌లో కూర్చుని, ఆవిడ తెచ్చిన ఉడికించిన వేరుశనగకాయలూ మొక్కజొన్న రొట్టే తిన్నాం. (మా ఆవిడ పోయాక, నేను తిన్నానో లేదో అడిగే ఇద్దరిలో వెర్నా ఒకరు.) వెనక ట్రెయిలర్ నిండా ఆవిడ పంట.

నేల వేడి, వాన, మట్టిలో ఇసుక పాళ్లు మారితే గింజలో నూనె, మాంసకృత్తులు మారతాయి. నిజమే. ఈ దక్షిణ జార్జియా పిల్లలకు ముప్పై ఏళ్లు ఆ పాఠం నేనే చెప్పాను. కార్యాలయం దాన్ని మెరుగుపరిచి ఒక పట్టిక వేసింది. రోడ్డుకు తూర్పున పదకొండో ప్రాంతం: మాంసకృత్తులు ఇరవై ఆరు శాతం, వేరుశనగ వెన్నకు అర్హం. పడమట పన్నెండో ప్రాంతం: ఇరవై రెండు శాతం, పక్షుల దాణా. (పట్టిక వేసినవారు ఏ పొలమూ చూడలేదు. దాన్నే నిష్పాక్షికత అంటారు.)

ఆగస్టులో రోడ్డు వంపు తీసి తిన్నగా వేశారు. వెర్నా పొలం కదలకుండానే పడమటికి వెళ్లింది. మట్టిలో ఉన్న కాయలు ఉన్నట్టుండి నాలుగు శాతం బలహీనపడ్డాయి.

“రండి మిస్ వెర్నా, కూర్చోండి” అంటూ, మేం లోపలికి వెళ్లగానే అధికారి డ్వైట్ పర్సెల్ తన కుర్చీయే జరిపాడు.

“కూర్చోడానికి రాలేదు నాయనా. పరీక్ష చేశావుగా, ఎంతొచ్చింది?”

“ఇరవై ఏడండి.”

“మరింకేం! వెన్న ఫ్యాక్టరీకని ముద్ర కొట్టు. వాళ్లు కొనేది ఇవాళ్టిదాకానే. ఇది దాణాకి పోయిందంటే నేను పొలం అమ్ముకోవాల్సిందే.”

“యంత్రాన్ని తప్పుపట్టలేమండి. దానికి చిరునామా తెలీదు.”

“అయితే తప్పు గింజదా?”

“గింజ తన ప్రాంతానికి విరుద్ధంగా ప్రవర్తించిందండి. పద్దెనిమిదో నియమం.”

“ఒరే డ్వైట్, చర్చిలో ఆదివారం బడికొచ్చినప్పుడు అబద్ధం రాయకూడదని నీకు నేర్పిందెవర్రా?”

“మీరేనండి. అందుకే పట్టికలో ఉన్నదే రాస్తున్నా.”

నేను నా పాఠం మొత్తం మళ్లీ చెప్పాను. అతను శ్రద్ధగా విని, ‘సందర్శకుల అభిప్రాయాలు’ అనే గడిలో ‘ఉన్నవి’ అని రాసుకున్నాడు.

“పునఃపరిశీలన ఉండదా?” అన్నాను.

“ఎందుకుండదు సార్? రోడ్డు పాత వంపుకి తిరిగొస్తే దరఖాస్తు పెట్టుకోవచ్చు.”

అయిదింటికి ‘దాణా’ అని ముద్ర పడింది. బయట చినుకులు మొదలైతే డ్వైటే వచ్చి, ట్రెయిలర్ మీద టార్పాలిన్ పట్టా కప్పడానికి ఓ చివర పట్టుకున్నాడు. (అది ఏ నియమంలోనూ లేదు.) తిరిగి గుమ్మమెక్కి, నమూనా పళ్లెంలోని వెర్నా గింజల్ని ఓ కాగితం సంచీలో పోసుకున్నాడు.

“అవెందుకురా?” అంది వెర్నా.

“మా పాపకండి. నీరసంగా ఉంటోందని డాక్టరు బలమైన తిండి పెట్టమన్నాడు. వీటికన్నా మంచివి ఈ కౌంటీలో దొరకవు.”

లైటార్పి, చప్పుడు కాకుండా తలుపు వేశాడు.