తిత్తికి వేసిన అంచు

ఆ ఉదయం సిద్దిరాములు పెట్టుకున్న పని చిన్నదే. సాయంత్రం పెళ్లి ఊరేగింపులో వాయించే పాటకు, బ్యాండు తనకిచ్చిన అకార్డియన్ పెట్టె గాలితిత్తిని ఎక్కడ తెరవాలో, ఎక్కడ మూయాలో గుర్తులు గీసుకోవాలి. మనిషి మంచివాడే గానీ, వాయిస్తూ వాయిస్తూ కలల్లోకి జారుకుంటాడు. పాట మంచి పట్టులో ఉండగా తిత్తిలో గాలి అయిపోతుంది. బ్యాండు మాస్టర్ మహమూద్ నిన్ననే తేల్చి చెప్పాడు.

"రేపు గన్క గాలి ఆగిందా, పెట్టె మన బ్యాండుల మునీర్‌కు ఇస్త. జర యాదుంచుకో!"

ఆ పెట్టె పోతే సిద్దిరాములుకు ప్రాణం పోయినట్టే. ఇంట్లో ఉన్నది మగ్గం గనుక, చేతికందింది అంచుల నమూనాలు గీసే గళ్ల కాగితం. తిత్తి తెరవమని విచ్చిన పువ్వు, మూయమని మొగ్గ గీశాడు. పాటను బట్టి ఒకచోట వరుసగా రెండు పువ్వులు, ఒకచోట మూడు మొగ్గలు. చివర, ఇక ఆపమని ఒక నల్ల చుక్క. స్వరాల కాగితం కింద అతికిద్దామనుకొని, దాన్ని మగ్గం మీదే వదిలి స్నానానికి పోయాడు. చెంబులో నీళ్లలోనూ అతనికి పువ్వులే కనిపించాయి.

ఈలోగా తండ్రి కైలాసం వచ్చాడు. కొడుకు కొత్త చీరకు అంచు గీశాడనుకొని మురిసిపోయాడు. దగ్గరికి తీసుకొని చూడగానే మొహం మాడింది.

"గిదేం అంచురా కొడుకా! ఒక తీరు లేదు, వరుస లేదు. ఆఖరుకు సిరా సుక్కొకటి!"

నేతగాడి చెయ్యి ఊరుకుంటుందా? చుక్కను గీకేసి, కాగితం నిండా పువ్వు, మొగ్గ, పువ్వు, మొగ్గ అని సమంగా దిద్దేసి, దారం తెద్దామని లోపలికి పోయాడు. కలలోంచి ఇంకా బయటికి రాని సిద్దిరాములు ఆ కాగితాన్నే అతికించుకొని పరుగెత్తాడు.

పొద్దు గూకే వేళ ఊరేగింపు కదిలింది. ఏం వింతో గానీ, గాలి ఆగలేదు! నిద్రపోయే పసిబిడ్డ గుండెలాగా తిత్తి తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. ఆపే చుక్క ఎక్కడా లేదు గనుక పాట అయిపోయిన చోటే మళ్లీ మొదలవుతోంది. సిద్దిరాములుకు వీధి లేదు, జనం లేరు, అన్నీ పువ్వులే. పెట్టె ఆగితే గానీ బ్యాండు ఆగకూడదని మహమూద్ నియమం. బ్యాండు ఆగితే గానీ పెళ్లికొడుకు గుర్రం ఆగదు. హారతి పళ్లెంతో వాకిట్లో నిలబడ్డ పెళ్లికూతురి తల్లి లస్మవ్వ ముందునుంచే అందరూ మెల్లగా సాగిపోయారు.

"అయ్యో, అయ్యో! పెండ్లిల్లు గిదే! అల్లుడా, యాడికి పోతున్నవ్?"

అల్లుడు గుర్రం మీద కళ్లు మూసుకొని తలూపుతున్నాడు. ఊరి బయట మానేరు వాగు ఇసుకలో గుర్రం కాళ్లు దిగబడ్డాకే అందరికీ మెలకువొచ్చింది.

సిద్దిరాములు భుజం మీది పెట్టె దింపాడు. "తీస్కో ఉస్తాద్. మునీర్‌కియ్యి."

మహమూద్ కళ్లు తుడుచుకుంటూ పెట్టెను తిరిగి అతని భుజానికే తగిలించాడు. "నీ దగ్గర్నే ఉంచుకోరా. ఆగింది గుర్రం, గాలి ఆగలే గద!"

ఇంటికొచ్చి జరిగిందంతా చెబితే కైలాసం దారపు ఉండ పక్కన పెట్టి కొడుకును ఎగాదిగా చూశాడు.

"అంచు ఆగుతదెట్లరా? నేను కొంగు గియ్యకముందే కాయితం ఎత్కపోతివి!"