గాలిని నిలదీసిన మంత్రిగారు

"గాలి ఇన్నాళ్లూ ఇష్టమొచ్చినట్టు వీచింది. ఇక ఆ ఆటలు సాగవు!"

ఆరోగ్య మంత్రిగారు ఈ మాట అనగానే పెద్దాసుపత్రి ఆవరణ చప్పట్లతో మారుమోగింది. ఆ చప్పట్ల వల్ల కాస్త గాలి కూడా పుట్టింది. ప్రతి వార్డులోనూ గాలి ఎంత వేగంగా వస్తోందో, అందులో తేమ ఎంత ఉందో చేతి మీటర్లతో కొలిచే పథకమది. గాలి కంటికి కనిపించదు. కనిపించనివాటిని ప్రజలకు చూపించడంలో మంత్రిగారికున్న అనుభవాన్ని ప్రతిపక్షం కూడా కాదనలేదు.

ఈ చారిత్రక ఘట్టానికి నేను సాక్షి కావడానికి కారణం మా పెద్దమ్మ ఆయాసం. ఆమె ఛాతీ జబ్బుల వార్డులో ఉంది. సెంట్రల్ ఏసీ కాబట్టి కిటికీలు తెరవకుండా మేకులు కొట్టారు. సీలింగులో గాలి వచ్చే జాలీ ఉంది, అందులోంచి గాలి రాగా చూసినవాళ్లు మాత్రం లేరు. రెండు మాటలాడితే పెద్దమ్మకు ఊపిరి అందదు. అయినా మూడో మాట మానదు. నేను పక్కన కూర్చుని అట్టముక్కతో విసురుతున్నాను.

మంత్రిగారు లోపలికి వచ్చారు. వెనక ఆసుపత్రి డైరెక్టరుగారు, ఆ వెనక ఏసీ మెకానిక్, అందరి చుట్టూ కెమెరాలు. డైరెక్టరుగారు రెండు చేతులతో ఒక మీటరు అందించారు. దాని చివర చిన్న చక్రం ఉంటుంది. గాలి తగిలితే అది తిరిగి, వేగమెంతో అంకెల్లో చూపిస్తుంది. మంత్రిగారు స్టూలెక్కి దాన్ని జాలీ దగ్గర పట్టుకున్నారు. చక్రం కదల్లేదు.

"ఏంటయ్యా, సున్నా చూపిస్తోంది?"

"గాలొచ్చే గొట్టం, అదే డక్టులో ఫిల్టరు దుమ్ముతో పూడిపోయింది సార్," అన్నాడు మెకానిక్. "అది మారిస్తే..."

"మనం కొలవడానికొచ్చామా, బాగుచెయ్యడానికొచ్చామా?" అన్నారు డైరెక్టరుగారు.

మెకానిక్ వెంటనే తేరుకున్నాడు. "సున్నా అంటే సార్, గాలి మంచి క్రమశిక్షణతో ఉందని."

మంత్రిగారు పొంగిపోయి, స్టూలు మీది నుంచే ఉపన్యాసం అందుకున్నారు. మీటరు నోటి ముందే ఉండటంతో చక్రం గిర్రున తిరిగింది. అంకె అమాంతం పెరిగింది. కెమెరాలు ఒక్కసారిగా మెరిశాయి.

"మంత్రిగారు మాట్లాడినంతసేపు రాష్ట్రంలో గాలికి కొదవలేదు!" అని ప్రకటించారు డైరెక్టరుగారు. ఒక ప్రభుత్వాధికారి నోట అంత నిఖార్సైన నిజం నేనెన్నడూ వినలేదు.

తేమ మీటరు దగ్గర మాత్రం చిక్కొచ్చింది. అది ఎనభై దాటి ఇంకా పైకి పోతోంది.

"ఇంత తేమ ఎక్కణ్ణుంచి?"

"మనుషుల్లోంచే సార్. చెమట, ఊపిరి..."

డైరెక్టరుగారు వార్డువైపు తిరిగి చిటిక వేశారు. "పేషెంట్లంతా ఊపిరి బిగపట్టండి! మీటరు చూసేదాకా ఎవరూ వదలకూడదు!"

"అదే కదా నాయనా నా జబ్బు," అంది పెద్దమ్మ. "మళ్లీ కొత్తగా బిగపట్టేదేముంది?"

దాంతో పేషెంట్లందర్నీ వరండాలోకి తరలించారు. గది ఖాళీ అయ్యాక అంకె దిగింది. రోగులు లేకపోతే ఆసుపత్రి ఎంత ఆరోగ్యంగా ఉంటుందో శాస్త్రీయంగా రుజువైంది.

తిరిగి లోపలికి పంపుతారనుకున్నాం. మర్నాడు పేషెంట్లకు బదులు అట్టపెట్టెలు వెళ్లాయి. అన్నీ మీటర్లే. చల్లని, పొడి ప్రదేశంలో ఉంచవలెనని పెట్టెల మీద రాసుంది. అంతే, మధ్యాహ్నానికల్లా ఫిల్టరు మారిపోయింది, డక్టు శుభ్రమైంది, గది చల్లబడింది. ఒక్కో మంచం మీద ఒక్కో మీటరు హాయిగా పడుకుంది. వరండాలో రేకుల కింద పెద్దమ్మ పెదాలు నీలిరంగుకు తిరుగుతున్నాయి. నేను పరుగున డైరెక్టరుగారి దగ్గరికెళ్లాను.

"మా పెద్దమ్మని లోపలికి పంపండి సార్."

"మీటర్లు చాలా సున్నితమైనవయ్యా."

"ఆవిడా సున్నితమే సార్."

"వారంటీ ఉందా?"

లేదని ఒప్పుకున్నాను. ఆయన చేతులు చాపి తన నిస్సహాయత తెలియజేశారు.

నేను తిరిగొచ్చేసరికి వరండాలో పెద్దమ్మ లేదు. గోడ పట్టుకుని నడిచి, తెరిచిన తలుపులోంచి దూరి, తన పాత మంచమెక్కి, దాని మీదున్న మీటరును గుండెలకు హత్తుకుని కూర్చుంది. డైరెక్టరుగారు ఆదరాబాదరా వచ్చారు.

"ఇలా ఇచ్చెయ్యమ్మా!"

"ఇవ్వను. లాక్కున్నావంటే కింద పడేస్తాను."

"సార్, కాసేపట్లో ఈ మీటర్ల గదికి మినిస్టరుగారి ఓపెనింగు," అని మెకానిక్ ఆయన చెవిలో గొణిగాడు. "మీటర్లు గాలికి ఎదురుగా నిలబెట్టాలి. స్టాండులేమో ఇంకా రాలేదు..."

డైరెక్టరుగారు పెద్దమ్మను ఎగాదిగా చూశారు. ఆయన మొహం వెలిగింది. గొప్ప పరిపాలనా నిర్ణయాలు ఇలాంటి వెలుగులోనే పుడతాయి. క్షణాల మీద వరండాలోని పేషెంట్లంతా లోపలికొచ్చారు, మంచానికొకరు, మనిషికొక మీటరు.

"ఈ గదిలోకి పేషెంట్లకు ప్రవేశం లేదు," అని హెచ్చరించారాయన. "మీరంతా స్టాండులు. మినిస్టరుగారు వెళ్లేదాకా ఆ సంగతి మర్చిపోకూడదు."

నేను పెద్దమ్మ పక్కనే నిలబడ్డాను. చల్లగాలి నేరుగా ఆమె మొహానికి తగులుతోంది. మెల్లగా ఛాతీ ఎగరడం తగ్గింది, పెదాలకు రంగొచ్చింది. నా కళ్లు చెమర్చాయి. తేమ పెంచినందుకు డైరెక్టరుగారు నన్ను కసిరారు.

మంత్రిగారు రిబ్బను కత్తిరించి వచ్చారు. ఏ మీటరు చూసినా చక్రం తిరుగుతోంది. ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పెద్దమ్మ దగ్గర ఆగి, కెమెరాల కోసం కాస్త వంగారు.

"ఏమ్మా, గాలి బాగా వస్తోందా?"

డైరెక్టరుగారు కళ్లురిమారు. పెద్దమ్మ మీటరును ఇంకాస్త పైకెత్తి పట్టుకుంది.

"నన్నడుగుతారేంటి బాబూ? నేను స్టాండుని."

మంత్రిగారు ఆమె భుజాన్ని రెండుసార్లు తట్టి చూసి, డైరెక్టరుగారి వైపు తిరిగారు.

"గట్టిగానే ఉందయ్యా. పక్క వార్డుకీ ఇలాంటివే తెప్పించు."