ఉప్పు దగ్గర ఆగిన వీడియో

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికల్లా ఆవకాయ కలిపేసి, జాడీకి గుడ్డ కట్టేసి, ఆ తర్వాతే స్నానం చేయాలని చిదంబరం అనుకున్నాడు. ఉప్పల్ మార్కెట్లో కాయలు కొట్టించుకుని ఏడున్నరకే నాచారంలో ఇల్లు చేరాడు. ముక్కలు తుడిచి, టీవీ ముందు దుప్పటి పరిచి కారం, ఆవపిండి, ఉప్పు, నూనె పెట్టుకున్నాడు. భార్య సత్యవేణి పోయాక వచ్చిన మొదటి మామిడికాయల కాలం అది. ఏడాదిగా ఆమె పేరైనా ఎత్తని చుట్టాల మీద కోపంతోనే అతను ఈ పనికి దిగాడు.

కొలతలు సత్యవేణే చెబుతుంది. రెండేళ్ళ కిందట ఆమె ఆవకాయ పెడుతుంటే కూతురు గీతిక వీడియో తీసింది. ఒక పాత కంప్యూటర్ని సర్వర్‌గా మార్చి టీవీ పక్కన పెట్టి, వాళ్ళమ్మ వీడియోలన్నీ అందులో దాచింది. లింకు ఉంటే చుట్టాలు తమ ఫోన్లలోనూ చూడొచ్చు.

తెర మీద సత్యవేణి కారం వేసింది, ఆవపిండి వేసింది; చిదంబరమూ తన బేసిన్‌లో అవే వేశాడు. ఆమె ఉప్పు గిన్నె అందుకుని "ఇక ఉప్పు..." అంది. అంతే. బొమ్మ ఆగిపోయి, ఆమె మొహం మీద గుండ్రం తిరగసాగింది.

నారపల్లిలో ఉన్న గీతికకు ఫోన్ చేశాడు.

"ఫైలు పెద్దది నాన్నా, మెషిను పాతది. పది నిమిషాలు ఆగు, అదే సర్దుకుంటుంది."

"మీ అమ్మ ఉప్పు గిన్నె పట్టుకుని నిలబడిపోతే, నన్ను ఆగమంటావా?"

అతను ఆగలేదు. బంధువుల వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టాడు. "అందరూ తెరిచి చూడండి. మీకూ ఆగుతోందా? వెంటనే చెప్పండి" అని ఆజ్ఞాపించాడు. అయిదు నిమిషాల్లో ఆ గుండ్రం కూడా తిరగడం మానేసింది.

చిదంబరం కేకలకు పక్కింటి గోవర్ధన్ వచ్చాడు.

"ఏంది అన్నా, గంత గుస్స జేస్తున్నవ్? గల్లీ అంత ఇనబడుతున్నది." కంప్యూటర్ మీద చెయ్యి పెట్టి చూశాడు. "డబ్బ మస్తు కాలుతున్నది. జర గాలి తగలాలె."

వద్దనేలోపు టేబుల్ ఫ్యాను తెచ్చి ఫుల్ స్పీడులో పెట్టాడు. కంప్యూటర్‌కు తగిలిన గాలి కన్నా కారానికి తగిలిందే ఎక్కువ. ఎర్రటి మబ్బు లేచింది. ఇద్దరి కళ్ళూ ధారలు కట్టాయి.

"ఊకో అన్నా, ఏడ్వకు. వదినె యాదికొచ్చిందా?"

"ఏడవడం కాదయ్యా, కారం! ముందు ఆ ఫ్యాను కట్టెయ్!"

ఇంతలో సత్యవేణి చెల్లెలు సుబ్బులు ఫోన్ చేసింది. "బావగారూ, మాకూ ఆగి ఆగి వస్తోందండీ."

"తెలిసిందిగా! ఇక మూసెయ్యి!"

"మూయను. అక్క మాట్లాడుతోంది కదా" అని ఆమే ఫోన్ పెట్టేసింది.

చిదంబరం మళ్ళీ ఫోన్లో కూతురి మీద పడ్డాడు. "నీ సర్వర్ని తీసుకెళ్ళి జవహర్‌నగర్ చెత్తగుట్టలో పారేస్తాను!"

గీతిక ఏదో చూసుకుని అంది. "సర్వర్ తప్పేం లేదు నాన్నా. ముప్ఫై ఏడుమంది ఒకేసారి అమ్మని చూస్తున్నారు. ఒక్కో ఫోనుకీ అది విడిగా వీడియో తయారుచేసి పంపాలి. మోయలేకపోతోంది. అసలు అంతమందికి లింకు ఎవరిచ్చారు?"

"నేనే" అని గొణిగాడు చిదంబరం.

"గ్రూపులో ఆపేయమను. నీకు వెంటనే వస్తుంది."

"అందరూ వెంటనే" అని టైపు చేశాడు. వేలు ఆగింది. "ముప్ఫై ఏడుమందా?"

"ముప్ఫై ఎనిమిది. ఇప్పుడే ఇంకొకరు చేరారు."

ఏడాదిపాటు పెంచుకున్న కోపం. దాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియలేదు. టైపు చేసింది చెరిపేసి, ముక్కల మీద తడిలేని గుడ్డ కప్పి కూర్చున్నాడు. గోవర్ధన్ కూడా కదలకుండా పక్కనే కూర్చున్నాడు.

ఒక్కొక్కరే చూడటం ముగించాక, పదకొండున్నరకు సత్యవేణి కదిలింది. "ఇక ఉప్పుకి కొలతేం లేదు. చేతికొచ్చినంత వేసి ఈయన్ని అడుగుతా. ఏమండీ, రుచి చూడండి!"

తెర మీద పేపరు చాటునుంచి చిదంబరం గొంతే వినిపించింది. "సరిపోయింది." గరిటె అప్పటికింకా సత్యవేణి చేతిలోనే ఉంది.

ఆమె కెమెరా వైపు తిరిగి నవ్వింది. "చూశావుగా గీతికా? ఈయన సరిపోయిందన్నారంటే ఇంకో గుప్పెడు వెయ్యాలని గుర్తు."

గోవర్ధన్ పకాలున నవ్వి, నోరు మూసుకున్నాడు. చిదంబరానికి మళ్ళీ కోపం ముంచుకొచ్చింది.

"ముప్ఫై ఏళ్ళు నాకొక్కడికీ చెప్పలేదు! ఇవాళ ముప్ఫై ఎనిమిది మందికి చెప్పింది!"

జవాబు చెప్పడానికి వీడియో ఆపాడు. జవాబుకు బదులు ఉప్పు గిన్నె అందుకున్నాడు. బేసిన్‌లో ఉప్పు పోసి, కలిపి, వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాడు.

"సరిపోయింది" అని, ఇంకో గుప్పెడు వేశాడు.